ఫ్లూ సీజన్‌లో పిల్లల క్లినిక్: అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా జూన్‌లో బడులు తెరిచిన కొద్ది వారాలకే మా ఫోన్‌కూ, కౌంటర్‌కూ ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. జ్వరంతో ఉన్న బిడ్డను ఒళ్లో పెట్టుకుని అర్ధరాత్రి ఫోన్ చూసేవాళ్లకు అంతా చదివే ఓపిక ఉండదు. అందుకే ప్రతి ప్రశ్నకూ జవాబు అక్కడే పూర్తిగా ఇచ్చాం. ఎక్కడ చదివినా ఒక్కటి గుర్తుంచుకోండి: థర్మామీటర్ అంకె కన్నా బిడ్డ ఊపిరి, మూత్రం, హుషారు ఎక్కువ చెబుతాయి.

## సీజన్ మొదలవకముందు

ఫ్లూ చలికాలం జబ్బు కదా, వానల్లో ఎందుకు ఇంతమందికి వస్తోంది?

చలిదేశాల లెక్క మనకు కుదరదు. హైదరాబాద్‌లో ఫ్లూ ఎక్కువగా జూలై నుంచి సెప్టెంబరు, అక్టోబరు దాకా ఉంటుంది. జనవరి, మార్చి మధ్య మరోసారి తలెత్తుతుంది. వానకు కిటికీలు మూసిన తరగతి గదులు, కిక్కిరిసిన స్కూల్ ఆటోలు చాలు వైరస్‌కు. అంటుకున్నాక లక్షణాలు కనిపించడానికి 1 నుంచి 4 రోజులు, ఎక్కువమందిలో 2 రోజులు పడుతుంది. జ్వరం రావడానికి ఒక రోజు ముందు నుంచే బిడ్డ ఇతరులకు అంటించగలడు కాబట్టి, తరగతిలో ఒకరికి వచ్చిందని తెలిసేసరికే పక్క బెంచీకి చేరిపోయి ఉంటుంది. ఇదే నెలల్లో డెంగీ కూడా తిరుగుతుంది. మన ఊళ్లో ఫ్లూ సీజన్‌ను నిజంగా కష్టం చేసేది అదే.

ఫ్లూ టీకా తప్పనిసరా? సర్కారు దవాఖానలో వెయ్యరు కదా?

ప్రభుత్వ ఉచిత టీకాల్లో ఇది లేదు, అంతమాత్రాన అనవసరమని కాదు. 6 నెలలు నిండినప్పటి నుంచి 5 ఏళ్ల దాకా పిల్లలందరికీ ఏటా వేయించమని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. 5 దాటాక ఆస్తమా, గుండె, కిడ్నీ జబ్బులు, షుగర్, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడే పిల్లలకు ఏటా కావాలి. మొదటిసారి వేయించుకునే 6 నెలల నుంచి 8 ఏళ్ల పిల్లలకు 4 వారాల తేడాతో రెండు డోసులు, ఆ తర్వాత ఏడాదికి ఒకటి.

రక్షణ రావడానికి దాదాపు 2 వారాలు పడుతుంది. కాబట్టి మొదటిసారి వేయించేవాళ్లు ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో మొదలుపెడితే బడులు తెరిచేనాటికి రెండో డోసూ పూర్తవుతుంది. ఆగస్టులో వచ్చి అడిగినా వేస్తాం, సీజన్ ఇంకా మిగిలే ఉంటుంది. అయితే రక్షణ వచ్చేలోపే ఫ్లూ అంటుకుంటే టీకా పనిచేయలేదని అనుకోవద్దు.

పోయినేడు వేయించాం, మళ్లీ ఎందుకు?

రెండు కారణాలు. టీకా ఇచ్చిన రక్షణ నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. వైరస్ కూడా తన పైతొడుగు మార్చుకుంటూ ఉంటుంది. ఏ రకాలు తిరుగుతున్నాయో చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు టీకాలో ఏముండాలో సూచిస్తుంది. ఫ్లూ వైరస్‌లలో ఒకటైన బి వైరస్‌లో యమగాటా అనే రకం 2020 మార్చి తర్వాత ఎక్కడా కనిపించలేదు. అందుకే నాలుగు రకాల టీకా బదులు మూడు రకాల టీకా చాలంటున్నారు. ఒకటి తగ్గిందని నాసిరకం అనుకోవద్దు.

మా బాబుకు గుడ్డు పడదు, టీకా వేయించొచ్చా?

వేయించొచ్చు. గుడ్డు తింటే దద్దుర్లు వచ్చే పిల్లలకూ ఇప్పుడు ఈ టీకా ఇస్తున్నారు. ఇంతకుముందు ఫ్లూ టీకాకే ఊపిరాడకపోవడం లాంటి తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే మాత్రం వద్దు. ఏ టీకా వేయించుకున్నా పావుగంట, అరగంట క్లినిక్‌లోనే కూర్చుని వెళ్లండి.

ఇంట్లో ఏమేం పెట్టుకోవాలి?

డిజిటల్ థర్మామీటర్, బిడ్డ బరువుకు సరిపడే పారాసిటమాల్ ఒక్క రకం (రెండు మూడు రకాలు ఉంటే రాత్రి నిద్రమత్తులో పొరపాటు జరుగుతుంది), మి.లీ. గీతలున్న సిరంజి, ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్లు, ముక్కులో వేసే సెలైన్ చుక్కలు. ఆస్తమా ఉన్న బిడ్డకు ఇన్‌హేలర్‌లో మందు మిగిలి ఉందో లేదో, స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) పగిలిందో లేదో జూన్‌లోనే చూసుకోండి. పోయినేడు తెరిచిన సిరప్ సీసాలు పారేయండి.

## జ్వరం వచ్చిన రోజు, ఇంట్లో

ఎంత దాటితే జ్వరం అనాలి?

చంకలో పెట్టి చూస్తే 99.5 ఫారన్‌హీట్, అంటే 37.5 సెల్సియస్ దాటితే జ్వరం. ఫ్లూలో 103, 104 దాకా వెళ్లడం మామూలే. అంకె పెద్దదైనంత మాత్రాన జబ్బు పెద్దదని కాదు. 103 ఉన్నా మందు వేశాక లేచి ఆడుకునే బిడ్డ కన్నా, 100 ఉండి కూడా కళ్లు తెరవకుండా వాలిపోయే బిడ్డ గురించే మాకు ఎక్కువ భయం.

3 నెలల లోపు పసిబిడ్డ విషయం వేరు. వాళ్లకు జ్వరం అనిపిస్తే చుట్టిన దుప్పట్లు వదులు చేసి, పావుగంట ఆగి మళ్లీ చూడండి. అప్పటికీ 99.5 దాటి ఉంటే మందు వేసి ఎదురుచూడొద్దు, ఏ వేళైనా వెంటనే డాక్టర్‌కు చూపించాలి.

పారాసిటమాల్ ఎన్ని మి.లీ. వెయ్యాలి?

వయసును బట్టి కాదు, బరువును బట్టి. ఒక్కో డోసుకు కిలోకు 15 మి.గ్రా. రెండు డోసుల మధ్య కనీసం 4 గంటలు, వీలైతే 6 గంటలు ఉండాలి. 24 గంటల్లో 4 డోసులు దాటొద్దు.

10 కిలోల బిడ్డకు డోసు 150 మి.గ్రా. ఇక్కడే చిక్కు. మన షాపుల్లో దొరికే సీసాల గాఢత ఒకటి కాదు. 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉన్న సిరప్ అయితే 6 మి.లీ., 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉన్నదైతే 3 మి.లీ., 1 మి.లీ.లో 100 మి.గ్రా. ఉన్న చుక్కల మందు అయితే 1.5 మి.లీ. సిరప్ అనుకుని చుక్కల మందు 6 మి.లీ. పోస్తే నాలుగు రెట్లు లోపలికి వెళ్తుంది, లివర్‌కు ప్రమాదం. సీజన్‌లో మేం చూసే మందు పొరపాట్లలో ఇదే ముఖ్యమైనది. ఫోన్ చేసేటప్పుడు సీసా చేతిలో పట్టుకుని, దాని మీద రాసింది చదవండి.

ఇంకో పొరపాటు: జలుబు సిరప్‌లలో కూడా పారాసిటమాల్ ఉండొచ్చు. రెండూ కలిపి వేస్తే డోసు రెట్టింపు అవుతుంది. టీస్పూన్లతో కొలవొద్దు, ఇంట్లో ఏ రెండు స్పూన్లూ ఒక్క కొలత కావు.

మందు వేసినా జ్వరం దిగట్లేదు. మెడికల్ షాపులో ఇంకో మందు ఇచ్చారు, వెయ్యొచ్చా?

పారాసిటమాల్ జ్వరాన్ని ఒకటి రెండు డిగ్రీలు దించుతుంది, మామూలు స్థాయికి తేవాలని లేదు. గంట తర్వాత బిడ్డ కాస్త తేలికపడి నీళ్లు తాగుతుంటే మందు పనిచేసినట్టే. ఫ్లూ జ్వరం 3, 4 రోజులు ఇలా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది.

వానాకాలంలో ఏ జ్వరం డెంగీయో మొదటి రోజుల్లో తెలియదు. ఐబుప్రోఫెన్, మెఫెనమిక్ యాసిడ్ అనే జ్వరం మందులు డెంగీలో రక్తస్రావం ప్రమాదాన్ని పెంచుతాయి, ఒంట్లో నీళ్లు తగ్గిన బిడ్డ కిడ్నీలకు భారం. కాబట్టి డాక్టర్ చూసి చెప్పేదాకా వద్దు. నిమెసులైడ్ అనే మరో జ్వరం మందును 12 ఏళ్ల లోపు పిల్లలకు వాడకుండా 2011లోనే మన దేశంలో నిషేధించారు. ఆస్పిరిన్ అసలే వద్దు, ఫ్లూ ఉన్న పిల్లల్లో మెదడు, లివర్ దెబ్బతినే రేయీస్ సిండ్రోమ్‌కు దారితీయొచ్చు.

తడిగుడ్డతో తుడవాలనుకుంటే గోరువెచ్చని నీళ్లు వాడండి. ఐసు నీళ్లతో తుడిస్తే వణుకు పుట్టి లోపలి వేడి ఇంకా పెరుగుతుంది.

మందు వేసిన వెంటనే కక్కేశాడు, మళ్లీ వెయ్యాలా?

15 నిమిషాల లోపు మొత్తం కక్కేస్తే అదే డోసు మళ్లీ వేయొచ్చు. అరగంట దాటితే వద్దు, తర్వాతి డోసు వేళ దాకా ఆగండి. మధ్యలో అయితే, ఎంత బయటికి వచ్చిందో చెప్పలేం కాబట్టి, ఫోన్ చేసి అడగండి. నాలుక మీద పోయకుండా సిరంజిని బుగ్గ లోపలి పక్కన పెట్టి కొంచెం కొంచెంగా నెడితే ఉమ్మడం తగ్గుతుంది.

ఆవిరి పట్టొచ్చా? కర్పూరం మూట, సాంబ్రాణి పొగ, ముక్కులో ఆముదం?

పెద్దవాళ్లు ప్రేమతో చేసే పనులే ఇవన్నీ, కానీ చిన్నపిల్లలకు ఒక్కటీ క్షేమం కాదు. వేడినీళ్ల గిన్నె ఒలికి కాలే ప్రమాదం ఉంది. కర్పూరం పొరపాటున నోట్లోకి వెళ్తే కొద్ది మోతాదుకే ఫిట్స్ వస్తాయి, మూట కట్టి ఊయలకు వేలాడదీస్తే బిడ్డ చేతికి అందుతుంది. సాంబ్రాణి పొగ వాచిన గాలిగొట్టాలను ఇంకా బిగిస్తుంది. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే ఒక రకం న్యుమోనియా వస్తుంది, అది యాంటీబయాటిక్‌కు లొంగదు.

ముక్కు దిబ్బడకు సెలైన్ చుక్కలు చాలు: ఒక్కో రంధ్రంలో 2, 3 చుక్కలు, పాలు పట్టే ముందు, పడుకోబెట్టే ముందు. ఏడాది దాటిన పిల్లలకు పడుకునే ముందు అర చెంచా తేనె దగ్గును కాస్త తగ్గిస్తుంది. ఏడాది లోపు తేనె నాకించొద్దు.

రాత్రంతా దగ్గుతోంది, దగ్గు సిరప్ ఎందుకు రాయరు?

చిన్నపిల్లల్లో వాటి వల్ల మేలు దాదాపు లేదు, హాని మాత్రం ఉంది. 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం కలిసిన దగ్గు మందు తాగి పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయాక, 2 ఏళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని, 5 ఏళ్ల లోపు సాధారణంగా అవసరం లేదని కేంద్ర ఆరోగ్య శాఖ మరోసారి చెప్పింది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన జలుబు మందు 4 ఏళ్ల లోపు వాడొద్దని 2023లోనే ఆదేశాలు వచ్చాయి. కఫాన్ని బయటికి తోసేది దగ్గే. పిల్లికూతలు వినిపిస్తేనో, దగ్గి దగ్గి నీలబడితేనో అది వేరే జబ్బు, అప్పుడు చూపించాలి.

రెండు రోజులుగా ఏమీ తినట్లేదు. ఓఆర్‌ఎస్ డబ్బా తాగించనా?

తిండి రెండు మూడు రోజులు తగ్గినా ఫర్వాలేదు, ద్రవాలు తగ్గకూడదు. గంజి, పల్చటి మజ్జిగ, పప్పుకట్టు, కొబ్బరినీళ్లు, తల్లిపాలు ఏవి తాగితే అవి ఇవ్వండి. పెరుగన్నం, అరటిపండు తింటానంటే పెట్టండి, వాటివల్ల జలుబు పెరగదు.

వాంతులు, విరేచనాలు ఉంటే ఓఆర్‌ఎస్ పొడి వాడాలి. పెద్ద ప్యాకెట్ మొత్తాన్ని సరిగ్గా ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. చిన్న ప్యాకెట్లు 200 మి.లీ.కు, కవరు మీద చూసుకోండి. గ్లాసులో కొంచెం పొడి కలపడం ప్రమాదం, ఉప్పు పాళ్లు తప్పుతాయి. కలిపినదాన్ని 24 గంటల్లో వాడేయాలి. వాంతి అయితే 10 నిమిషాలు ఆగి, 2, 3 నిమిషాలకోసారి 5 మి.లీ. చొప్పున పట్టండి. దాహమని ఒక్కసారి గ్లాసు ఇస్తే మళ్లీ కక్కుతారు.

తియ్యటి డబ్బా పానీయాలు ఓఆర్‌ఎస్ కావు, వాటిలో చక్కెర ఎక్కువై విరేచనాలు పెరుగుతాయి. మన హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడిన తర్వాత, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అనే పేరు వాడొద్దని ఆదేశించింది. ఇంట్లో పాత స్టాక్ ఉంటే పేరు చూసి మోసపోవద్దు.

## ఎప్పుడు తీసుకురావాలి

ఫోన్ చేస్తే అన్ని ప్రశ్నలు ఎందుకు అడుగుతారు? అపాయింట్‌మెంట్ ఇస్తే చాలు కదా?

ఆ ప్రశ్నలతోనే ఎవరు ఇప్పుడే రావాలో, ఎవరు ఇంట్లో ఉండొచ్చో తేలుతుంది. వయసు, బరువు, జ్వరం ఎన్నో రోజు, చివరిసారి మూత్రం ఎప్పుడు పోశాడు, ఊపిరి ఎలా ఉంది, ఏ మందు ఎంత వేశారు, ఆస్తమా లాంటివి ఉన్నాయా. ఈ ఏడు విషయాలు కాగితం మీద రాసుకుని ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది. డొక్కలు ఎగరేస్తున్నాడని అనిపిస్తే చొక్కా తీసి అరనిమిషం వీడియో పంపండి. మాటల్లో తెలియనిది అందులో కనిపిస్తుంది.

ఏ లక్షణాలుంటే ఆగకుండా రావాలి?

ఊపిరి వేగంగా తీయడం, డొక్కలు లోపలికి పోవడం, మూలగడం. పెదాలు, నాలుక నీలంగా లేదా బూడిద రంగులోకి మారడం. 8 గంటలుగా మూత్రం లేకపోవడం, పసిబిడ్డకైతే 6 గంటలుగా డైపర్ తడవకపోవడం. లేపినా సరిగ్గా లేవకపోవడం, పాలు పూర్తిగా మానేయడం, ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, ఫిట్స్, మెడ బిగుసుకోవడం, నొక్కినా పోని ఎర్ర మచ్చలు, ముక్కు చిగుళ్ల నుంచి రక్తం. జ్వరం దిగినా చేతులు కాళ్లు చల్లబడి బిడ్డ నీరసించిపోతే అది డెంగీ ముదిరే గుర్తు కావొచ్చు, "జ్వరం తగ్గింది కదా" అని ఊరుకోవద్దు.

ఊపిరి వేగంగా ఉందో లేదో ఎలా లెక్కపెట్టాలి?

బిడ్డ నిద్రలో ఉన్నప్పుడో, ప్రశాంతంగా ఉన్నప్పుడో పొట్ట, ఛాతీ కనిపించేలా బట్ట తీయండి. పైకి లేచి దిగితే ఒకటి. ఫోన్‌లో టైమర్ పెట్టి పూర్తిగా 60 సెకన్లు లెక్కించండి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే పసిపిల్లల్లో తప్పు వస్తుంది, వాళ్ల ఊపిరి ఆగి ఆగి నడుస్తుంది. 2 నెలల లోపు 60, 2 నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి 5 ఏళ్ల దాకా 40. ఈ అంకెలు చేరినా దాటినా వేగమే. జ్వరం ఎక్కువున్నప్పుడు ఊపిరీ పెరుగుతుంది కాబట్టి మందు వేసి, దిగాక మళ్లీ లెక్కించండి. అప్పటికీ అంతే ఉంటే బయలుదేరండి. ఈలోగా డొక్కలు ఎగరేస్తుంటే మాత్రం రెండో లెక్క కోసం ఆగొద్దు.

వేలికి తగిలించి ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటర్ ఉంటే, వేలు వెచ్చగా ఉండాలి, నెయిల్ పాలిష్, నల్ల మెహందీ ఉన్న వేలు వద్దు. పసిబిడ్డకు కాలి బొటనవేలు మేలు. నిలకడగా 94 కన్నా తక్కువ చూపిస్తే చూపించాలి, 90 లోపయితే అత్యవసరం.

జ్వరంలో ఫిట్స్ వచ్చాయి, ఏం చేయాలి?

ముందు టైం చూడండి. బిడ్డను నేల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోటి నుంచి కారేది బయటికి పోతుంది. నోట్లో వేలు, చెంచా, నీళ్లు, మందు ఏదీ పెట్టొద్దు. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ఫిట్స్ ఆగవు, ఆ గాభరాలో టైం మాత్రం పోతుంది. గట్టిగా అదిమి పట్టొద్దు.

6 నెలల నుంచి 5 ఏళ్ల పిల్లల్లో జ్వరంతో వచ్చే ఫిట్స్ ఎక్కువసార్లు 5 నిమిషాల లోపు వాటంతటవే ఆగుతాయి, మెదడుకు హాని చేయవు. 5 నిమిషాలు దాటితే, ఒకే రోజు రెండోసారి వస్తే, ఒకవైపే కొట్టుకుంటే, ఆగాక కూడా తెలివి రాకపోతే 108కి ఫోన్ చేయండి. మొదటిసారి వచ్చిన ఏ బిడ్డనైనా ఆగిపోయినా సరే అదే రోజు చూపించాలి.

అర్ధరాత్రి క్లినిక్ మూసి ఉంటుంది, ఎక్కడికి వెళ్లాలి?

మీకు దగ్గర్లో పిల్లల ఐసీయూ ఉన్న ఆసుపత్రి ఏదో సీజన్‌కు ముందే తెలుసుకుని ఫోన్‌లో పెట్టుకోండి. ప్రభుత్వంలో పిల్లలకు పెద్ద దిక్కు రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్, 1953 నుంచి పిల్లలను చూస్తున్న దవాఖాన. సికింద్రాబాద్ వైపు వాళ్లకు గాంధీ ఉంది. బస్తీ దవాఖానలు పగటి పూట తేలికపాటి జ్వరాలకు బాగా పనికొస్తాయి, రాత్రి ఆయాసానికి కాదు. ఊపిరి కష్టంగా ఉంటే బైక్ మీద మధ్యలో ఇరికించుకుని తేవద్దు. 108 బండిలో ఆక్సిజన్ ఉంటుంది.

## క్లినిక్‌కు వచ్చాక

మా టోకెన్ ముందు ఉంటే వాళ్లనెందుకు లోపలికి పంపారు?

టోకెన్ వచ్చిన వరస చెబుతుంది, జబ్బు వరస చెప్పదు. కౌంటర్ దాటగానే సిస్టర్ ప్రతి బిడ్డ రంగు, ఊపిరి, తెలివి, ఆక్సిజన్ చూస్తారు. దీనికి ఒకటిన్నర నిమిషం పడుతుంది. 3 నెలల లోపు జ్వరం, ఆయాసం, వాలిపోయిన బిడ్డ, ఫిట్స్ వచ్చి ఆగిన బిడ్డ నేరుగా లోపలికి వెళ్తారు. వాంతులు ఆగని బిడ్డను కాసేపట్లో చూస్తాం, ఈలోగా అక్కడే ఓఆర్‌ఎస్ మొదలుపెడతాం.

సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య ఆఫీసుల నుంచి వచ్చినవాళ్లతో హాలు నిండుతుంది. ఆ గోలలో గట్టిగా ఏడ్చే బిడ్డ అందరికీ కనిపిస్తాడు. నిజంగా జబ్బుపడ్డ బిడ్డ ఏడవడానికి కూడా ఓపిక లేక అమ్మ భుజం మీద నిశ్శబ్దంగా ఉంటాడు. ఆ బిడ్డను వెతకడానికే ఈ పద్ధతి. కూర్చున్నాక మీ బిడ్డ తీరు మారితే మొహమాటపడకుండా లేచి సిస్టర్‌కు చెప్పండి, మళ్లీ చూస్తారు.

మా చంటిదానికి టీకా కోసమే వచ్చాం, జ్వరం పిల్లల మధ్య కూర్చోవాలా?

వద్దు. సీజన్‌లో టీకాలు ఉదయం మొదటి గంటల్లోనే పెడతాం, జ్వరం ఓపీ తర్వాత మొదలవుతుంది. రాత్రంతా ఖాళీగా ఉన్న గది అప్పుడే తుడిచి, కిటికీలు తీసి ఉంటుంది. ఆలస్యమైతే కింద బండిలోనే ఉండి ఫోన్ చేయండి, వంతు వచ్చినప్పుడు పిలుస్తాం. ఫ్లూ భయంతో మిగతా టీకాలు వాయిదా వేయొద్దు, కోరింత దగ్గు టీకా ఆలస్యమైతే చంటిబిడ్డకు అది ఫ్లూ కన్నా పెద్ద ముప్పు.

ఏసీ ఆపేసి కిటికీలు తీశారు, బొమ్మలు తీసేశారు. ఎందుకు?

గోడకున్న ఏసీ లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలిని తేదు. కిటికీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్ గాలిని మారుస్తాయి. ఉక్కపోతగా ఉంటుందని తెలుసు, కానీ పదిమంది దగ్గే గదిలో అది తప్పదు. ప్లాస్టిక్, స్టీలు మీద ఫ్లూ వైరస్ ఒకటి రెండు రోజులు బతకగలదు, పిల్లలు బొమ్మను నోట్లో పెట్టుకుంటారు. బొమ్మ ఇంటి నుంచి తెచ్చుకోండి. తలుపు పిడులు, బరువు యంత్రం, ఆక్సీమీటర్ క్లిప్పు తుడుస్తూనే ఉంటాం. 2 ఏళ్ల లోపు పిల్లలకు మాస్కు వద్దు, తెచ్చినవాళ్లు పెట్టుకుంటే చాలు. ఒక బిడ్డకు ఇద్దరు పెద్దలకు మించి రావొద్దు.

పోయిన వారమే బరువు చూశారు, మళ్లీ ఎందుకు?

పారాసిటమాల్, ఒసెల్టామివిర్ (ఫ్లూ వైరస్ మందు), సెలైన్ అన్నిటి మోతాదూ బరువు మీదే లెక్క. పైగా వారంలో తగ్గిన బరువు ఒంట్లో ఎంత నీరు పోయిందో చెబుతుంది. 10 కిలోల బిడ్డ 9.5కి వస్తే అది 5 శాతం లోటు. అందుకే బూట్లు, తడి డైపర్ తీసి చూస్తాం.

నెబులైజర్ పెట్టమంటే పెట్టలేదు, ఎందుకని?

పిల్లికూతలు ఉంటేనే అందులోని మందు పనిచేస్తుంది. మామూలు ఫ్లూ దగ్గుకు, ముక్కు దిబ్బడకు దానివల్ల గుండెదడ తప్ప లాభం లేదు. పిల్లికూతలు ఉన్నా చాలామందికి స్పేసర్‌తో ఇన్‌హేలర్ అంతే బాగా పనిచేస్తుంది, వైరస్‌ను గదంతా చల్లదు. ఆక్సిజన్ అవసరమైన బిడ్డకు మాత్రం నెబులైజర్ విడి గదిలో పెడతాం.

ఫ్లూ పరీక్ష చేయకుండా ఫ్లూ అని ఎలా చెప్పారు? స్వైన్ ఫ్లూ అయితే?

ఊళ్లో ఫ్లూ తిరుగుతున్నప్పుడు ఒక్కసారిగా వచ్చిన జ్వరం, దగ్గు, ఒళ్లునొప్పులు చాలు. ర్యాపిడ్ పరీక్ష నెగెటివ్ వచ్చినా ఫ్లూ కాదని చెప్పలేం, చాలా కేసులను అది వదిలేస్తుంది. ఆర్‌టీ-పీసీఆర్ నమ్మదగినదే, కానీ తేలికపాటి కేసులో ఫలితం వచ్చేసరికి జ్వరమే తగ్గుతుంది. ఆసుపత్రిలో చేర్చాల్సిన బిడ్డకు, రోగనిరోధక శక్తి తక్కువున్న బిడ్డకు చేయిస్తాం. స్వైన్ ఫ్లూ అన్న హెచ్1ఎన్1 మన దేశంలో మొదట బయటపడింది 2009 మేలో, హైదరాబాద్‌లోనే. ఇప్పుడు అది ఏటా వచ్చే మామూలు ఫ్లూ రకాల్లో ఒకటి, చికిత్స మిగతా రకాలకు చేసేదే.

ఇది డెంగీ కాదని ఎలా నమ్మాలి?

మొదటి రోజే ఎవరూ ఖాయంగా చెప్పలేరు. ముక్కు కారడం, దగ్గు బలంగా ఉండి ఇంట్లో ఇంకొకరికీ ఉంటే ఫ్లూ వైపు మొగ్గుతాం. జలుబు లేకుండా జ్వరం, కళ్ల వెనక నొప్పి, కడుపునొప్పి, వాంతులు, ఒళ్లు ఎర్రబడటం ఉంటే డెంగీ అనుమానిస్తాం. డెంగీ రక్తపరీక్షల్లో ఎన్‌ఎస్1 మొదటి 5 రోజుల్లో, ఐజీఎం ఆ తర్వాత పనికొస్తాయి. మూడో రోజు కూడా జ్వరం ఉంటే రక్తపరీక్ష రాస్తాం. అందులో ప్లేట్‌లెట్ల కన్నా రక్తం చిక్కబడుతోందో లేదో చూస్తాం, ప్రమాదాన్ని ముందుగా చెప్పేది అదే. బొప్పాయి ఆకు రసం పట్టి వాంతులు చేయించొద్దు.

యాంటీబయాటిక్ రాయకుండా పంపారు. ఒసెల్టామివిర్ కూడా కొందరికే ఎందుకు?

యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీదే పనిచేస్తుంది. ఫ్లూలో వేస్తే విరేచనాలు వస్తాయి, నిజంగా అవసరమైన రోజున మందు పనిచేయకపోవచ్చు. చెవి నొప్పి, న్యుమోనియా కనిపిస్తే మేమే రాస్తాం.

ఒసెల్టామివిర్ ఫ్లూ వైరస్ మందు. 48 గంటల లోపు మొదలుపెడితే ఎక్కువ లాభం, జబ్బు సుమారు ఒక రోజు తగ్గుతుంది. 2 ఏళ్ల లోపు పిల్లలకు, ఆస్తమా, గుండె జబ్బు లాంటివి ఉన్నవాళ్లకు, జబ్బు ముదురుతున్నవాళ్లకు రాస్తాం, తీవ్రంగా ఉంటే 48 గంటలు దాటినా ఇస్తాం. ఏడాది దాటినవాళ్లకు 15 కిలోల దాకా 30 మి.గ్రా., 23 దాకా 45, 40 దాకా 60, ఆపైన 75, రోజుకు రెండుసార్లు, 5 రోజులు. 1 మి.లీ.లో 12 మి.గ్రా. ఉండే సిరప్ అయితే 30 మి.గ్రా. అంటే 2.5 మి.లీ. వాంతి దీని ముఖ్యమైన ఇబ్బంది, ఏదైనా తిన్నాక ఇస్తే తగ్గుతుంది. మిగిలింది చెల్లికి పోయొద్దు, చీటీ లేకుండా అమ్మడానికీ వీల్లేదు.

## తగ్గుముఖం పట్టాక

జ్వరం తగ్గి రెండు రోజులకు మళ్లీ వచ్చింది, ఇది కూడా ఫ్లూయేనా?

కాకపోవచ్చు. ఒకటి రెండు రోజులు పూర్తిగా తగ్గి తిరిగి ఎక్కిన జ్వరం, దగ్గు పెరగడం, చెవి నొప్పి, ఛాతీ నొప్పి అంటే ఫ్లూ మీద బ్యాక్టీరియా చేరిందని అనుమానం. అదే రోజు చూపించండి.

పొద్దున లేచి నడవనంటున్నాడు, పిక్కలు పట్టుకుని ఏడుస్తున్నాడు. పోలియోనా?

ఫ్లూ, అందులోనూ బి రకం తగ్గేటప్పుడు బడి ఈడు పిల్లల్లో, ముఖ్యంగా మగపిల్లల్లో, పిక్కల కండరాలు వాచి ఇలా అవుతుంది. మునివేళ్ల మీద నడుస్తారు, పిక్క ముడితే నొప్పి. పారాసిటమాల్, ద్రవాలు, విశ్రాంతితో సాధారణంగా వారం లోపు తగ్గుతుంది. అయినా ఒకసారి చూపించాలి. నొప్పి లేకుండా కాళ్లు చచ్చుబడితే, బలహీనత పైకి పాకితే, మూత్రం కోలా రంగులో వస్తే అదే గంటలో ఆసుపత్రికి.

నాకే ఫ్లూ వచ్చింది, పాపకు పాలివ్వొచ్చా?

ఇవ్వండి, మానొద్దు. ఫ్లూ పాల ద్వారా అంటదు, మీ ఒంట్లో తయారయ్యే రక్షణ పాలతో బిడ్డకు చేరుతుంది. ఎత్తుకునే ముందు సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోండి, మాస్కు పెట్టుకోండి, ముద్దులు ఆపండి. మరీ నీరసంగా ఉంటే పాలు పిండి ఇస్తే ఇంకొకరు పట్టొచ్చు.

బడికి ఎప్పుడు పంపాలి? దగ్గు ఇంకా ఉంది.

పారాసిటమాల్ వేయకుండా 24 గంటలు జ్వరం లేకుండా ఉండి, మామూలుగా తింటూ ఆడుకుంటుంటే పంపొచ్చు. పొద్దున మందు వేసి జ్వరం దించి పంపితే మధ్యాహ్నానికి మళ్లీ ఎక్కుతుంది, ఈలోగా పక్కవాళ్లకు అంటుతుంది. పరీక్ష ఉందని పంపేవాళ్లు టీచర్‌తో ముందు మాట్లాడండి, మేం చీటీ రాసిస్తాం. దగ్గు రెండు వారాల దాకా ఉండొచ్చు, అది ఒక్కటే ఉంటే ఆపక్కర్లేదు. మూడు వారాలు దాటితే, బరువు తగ్గుతుంటే మళ్లీ తీసుకురండి, టీబీ, ఆస్తమా కూడా చూడాల్సి ఉంటుంది.